కువైట్‌కు చూపించిన గడ్డ

నేను ఒక గడ్డను కనిపెట్టాను. మామూలుగా కాదు, కువైట్ దాకా తెలిసేలా కనిపెట్టాను. చివరికి అది నా పరువును పులివెందుల ఆసుపత్రిలో పడేసి పొర్లించింది. ఇప్పుడంటే నేనూ మీతోపాటు నవ్వుతున్నాను గానీ, ఆనాడు ఏడుపొక్కటే తక్కువ.

ప్రొద్దుటూరులో నేను స్కానింగ్ సెంటరు పెట్టిన మొదటి ఏడాది అది. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు. కొత్త స్కానింగ్ డాక్టరు 'నాకు తెలియదు' అనే మాటెరగడు. పైగా మా ఊళ్ళో ఇంకో కష్టముంది. రిపోర్టులో 'నార్మల్' అని రాస్తే జనం సంతోషించరు. "ఏమీ కనపళ్ళేదంట. మిషను పాతది మాదిరుంది" అనుకుంటూ పోతారు. ఏదో ఒకటి చూపిస్తేనే మంచి డాక్టరు.

అలాంటి రోజుల్లో జమ్మలమడుగు నుంచి మస్తాన్‌బీ వచ్చింది. యాభై ఏళ్ళుంటాయి, బట్టలు కుట్టే మనిషి. మూడుసార్లు కిడ్నీలో రాళ్ళు, ఒళ్ళంతా ఎముకల నొప్పులు, రక్తంలో కాల్షియం ఎక్కడో ఆకాశంలో. పులివెందులలోని సర్జన్ గారు, "పారాథైరాయిడ్ గ్రంథి ఉబ్బినట్టుంది, మెడ స్కాన్ చేసి ఏ పక్కదో చెప్పు" అని చీటీ రాసి పంపారు. థైరాయిడ్ వెనక నక్కి ఉండే కందిగింజల్లాంటి గ్రంథులివి, నాలుగుంటాయి. ఒంట్లో కాల్షియం మీద పెత్తనం వాటిదే. గ్రంథి కొంచెం, పెత్తనం ఘనం! ఒకటి చెడితే చాలు, ఎముకల్ని కరిగించి రక్తంలో కలిపేస్తుంది. దాన్ని తీసేస్తే మనిషి బాగుపడుతుంది. నేను పక్క తప్పు చెప్పానో, ఆమె మెడ ఊరికే కోసినట్టు.

మెడకు జెల్ పూసి, బొమ్మ తీసే ప్రోబు పెట్టానో లేదో, ఆమె తమ్ముడు ఖాదర్ ఫోను పైకెత్తాడు. వీడియో కాల్. అవతల కువైట్‌లో డ్రైవరుగా ఉన్న ఆమె భర్త బాషా.

"సలాం సార్. ఆ గడ్డేదో నాకూ రవ్వంత చూపియ్యండి."

బుద్ధున్న డాక్టరైతే ఫోను బయట పెట్టమంటాడు. నేను జుట్టు సవరించుకున్నాను. ఎడమవైపు, థైరాయిడ్ వెనక, గుండ్రంగా నల్లగా ఒకటి కనిపించింది. ఇంకేముంది, నా ఆనందానికి పట్టపగ్గాల్లేవు.

"ఇదో, కనపడతాందా బాషా?"

"బొమ్మ కదుల్తాంది సార్. ఆమె గుటకేస్తాంది మాదిరుంది."

"అమ్మా, గుటక మింగొద్దు. కదలొద్దు."

"ఎంతసేపప్పా? నోరంతా ఊరతాంది."

"మింగొద్దంటి గదమ్మా! ఆయప్పకు ఆడ కనపడాల."

పాపం, ఆమె బుగ్గలు పూరీల్లా ఉబ్బించుకుని పడుకుంది. బొమ్మ కదలకుండా నిలిచింది. బాషా తన రూములో ఉన్నవాళ్ళందరినీ పిలిచాడు. "రాండ్రా, మా ఇంటామె గొంతులో గడ్డ చూద్దురు!" "శానా పెద్దదే" అన్నారెవరో. ఆ మాటకు నేనూ ఉబ్బిపోయి, 'ఎడమ పక్క గ్రంథి' అని రిపోర్టు రాసి కింద రెండు గీతలు గీశాను. కుడివైపు చూడలేదా అంటారా? చూశాను, బస్సు కిటికీలోంచి ఊరు చూసినట్టు.

ఆపరేషన్‌కు ముందురోజు సర్జన్ గారు తానే మరోసారి స్కాన్ చేస్తానన్నారు. మెచ్చుకోలు అందుకుందామని నేనూ పులివెందుల వెళ్ళాను. ఆయన ప్రోబు పెట్టి నా గడ్డను తెరమీదికి తెచ్చారు.

"ఇదేనా?"

"ఇదే సార్" అన్నాను ఛాతీ విరిచి.

"అమ్మా, ఈ నీళ్ళు ఒక గుక్క తాగు."

మస్తాన్‌బీ తాగింది. నా గడ్డ నోరు తెరిచింది! దాని మధ్యలోంచి తెల్లటి బుడగలు మెరుస్తూ కిందికి జారాయి. మళ్ళీ మూసుకుంది.

"ఏందప్పా ఇది" అన్నారు సర్జన్ గారు నిదానంగా, "నీ గడ్డ నీళ్ళు తాగుతాంది?"

అది అన్నవాహిక. ఆమెను ఒక్క గుటక మింగనిచ్చి ఉంటే మొదటిరోజే తెలిసేది. ఆయన ప్రోబును కుడివైపుకు జరిపారు. అసలు గడ్డ, చింతగింజంతది, అక్కడ హాయిగా పడుకుని ఉంది.

మస్తాన్‌బీ లేచి కూర్చుంది. "అయితే ఈ పిల్లోడు చూపించింది ఏంది సార్?"

"నువ్వు అన్నం మింగే దారమ్మా."

"ఓరి నీ తెలివి తగలెయ్య! గడ్డ తీపిస్తానని కూడు దారి కోపిస్తాంటివే!"

కుడివైపే ఆపరేషన్ చేశారు. కాల్షియం దిగింది. రెండోరోజు తల వంచుకుని వార్డుకు వెళ్ళాను. సిగ్గుతో చచ్చిపోతూనే, ఫోనులో చూపించడానికే గుటక ఆపించాననీ, కుడివైపు సరిగా చూడలేదనీ ఏమీ దాచకుండా చెప్పేశాను.

"తప్పయింది, క్షమించమ్మా."

ఆమె తింటున్న ఇడ్లీలో ముక్క తుంచి నా చేతిలో పెట్టింది.

"మింగు."

మింగాను.

"దిగిందా?"

"దిగిందమ్మా."

"గుర్తు పెట్టుకో నాయనా. ఆ దిగిన దారినే నువ్వు గడ్డంటివి."

కాబట్టి మహాజనులారా, నా ప్రోబు సాక్షిగా ఒట్టు పెడుతున్నాను. మెడలో ఎంత అందమైన గడ్డ కనబడినా సరే, అది నీళ్ళు తాగదని తేలాకే పెన్ను మూత తీస్తాను.