పైకొచ్చి గాలి మింగే చేపలు

చలికాలం సాయంత్రాల్లో నోయిడాలో మా అపార్ట్‌మెంట్ గేటు పక్కన బండివాడు చిలగడదుంపలు కాలుస్తుంటే, ఆ బొగ్గుల వాసనకు అందరికీ నోరూరుతుంది. నాకు మాత్రం కణతలు బిగుసుకుంటాయి. ఢిల్లీ కంటోన్మెంటులో మా రెండు గదుల క్వార్టరు, నల్ల ఇనప ట్రంకు మీద పెట్టిన గాజుతొట్టె కళ్ల ముందుకొస్తాయి.

ఆ తొట్టె తెచ్చింది నాన్న. ఆయన సైన్యంలో హవల్దారు. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో, ఆయన్ని సరిహద్దుకు పంపుతున్నారని తెలిశాక, నాకు తోడుంటాయని గౌరామీ చేపలు కొనిచ్చి వెళ్లారు. బొటనవేలంత చేపలు, తేనె రంగువి. పొట్ట కింద వేలాడే రెండు సన్నని పోగులతో ఎదురొచ్చిన ప్రతిదాన్నీ తడిమి చూసేవి. మగచేప నీటి మీద బుడగలతో నురగ గూడు కట్టేది. అన్నిటికన్నా వింత, అవి మాటిమాటికీ పైకొచ్చి, మూతి తెరిచి, మనలాగే గాలి మింగి కిందకు పోయేవి.

ఆ చలికాలం మాకు తోడుగా అమ్మమ్మ శ్రీకాకుళం నుంచి తాటి తాండ్ర, జీడిపప్పు మూటలతో వచ్చింది. చీర మీద రెండు స్వెట్టర్లు, కాళ్లకు నాన్న పాత మిలిటరీ మేజోళ్లు వేసుకుని, పగలంతా ఎండపొడలో పంజాబీ ఆంటీల మధ్య కూర్చుని, ఒకరి భాష ఒకరికి రాకపోయినా వేరుసెనక్కాయలు ఒలుస్తూ నవ్వుకునేది. సాయంత్రం తొట్టె ముందు చేరేది. "ఏటే గుంటా, ఈటికి చలెయ్యదేటి?" అని అడిగేది. చేపల పులుసు లేనిదే ముద్ద దిగని మనిషి, అది మానేసింది. "ఎదురుగా కూకుని సూసినాక ఎలా తింతామే!"

జనవరిలో మంచు దిగింది. ఎదుటి క్వార్టరు కూడా కనపడనంత మంచు. పై అంతస్తు ఆంటీ ఇంటికి వచ్చే నాన్న ఫోను ఆగిపోయింది. టీవీలో సైనికులు కనిపిస్తే అమ్మ లేచి కట్టేసేది. కరెంటు పోయినప్పుడల్లా తొట్టెలో హీటరు చల్లారి, చేపలు రంగు వెలిసి అడుగున ఒక మూల ఒదిగిపోయేవి.

ఒక సాయంత్రం కరెంటు ఎంతకీ రాలేదు. అమ్మమ్మ పై అంతస్తు ఆంటీ దగ్గర్నుంచి బొగ్గుల కుంపటి తెచ్చి, కిటికీ సందుల్లో పాత గుడ్డలు కుక్కింది. "గది ఎచ్చబడితే అయ్యీ బతుకుతాయి, నానూ బతుకుతాను" అంది. పొగ పోయి బొగ్గులు ఎర్రబడ్డాయి కనక ఇక భయం లేదనుకున్నాం. అంతలో మేడమెట్ల మీంచి ఆంటీ కేక: "ఫోన్ ఆయా హై, జల్దీ ఆవో!" అమ్మ వెచ్చదనం పోకుండా తలుపు దగ్గరగా లాగి పరుగెత్తింది.

అమ్మమ్మ ఏదో కథ చెబుతోంది. మాటలు నెమ్మదించాయి. నా తల బరువెక్కింది, నిద్రేమో అనుకున్నాను. అడుగున ఉన్న చేపలన్నీ పైకొచ్చి, మూతులు తెరిచి, కిందకు వెళ్లకుండా అక్కడే వేలాడాయి.

"అమ్మమ్మా, చేపలు చూడు."

ఆమె గోడకు ఆనుకుని ఉంది. కళ్లు సగం తెరిచే ఉన్నాయి. లేవబోతే నా కాళ్లు నావి కావు.

తర్వాత తలుపు భళ్లున తెరుచుకుంది. "నాన్న బాగానే ఉన్నార..." అంటూ వచ్చిన అమ్మ మాట సగంలో తెగిపోయింది. నన్ను ఈడ్చుకెళ్లి వరండాలో పడేసింది. పై అంతస్తు అంకుల్ అమ్మమ్మను ఎత్తుకొచ్చారు. మొహానికి తగిలిన ఆ చలిగాలి రుచి నాకిప్పటికీ తెలుసు.

చేపలు తెల్లారేసరికి తేలిపోయాయి. అమ్మమ్మ ఆసుపత్రి నుంచి నవ్వుతూనే తిరిగొచ్చింది. గండం గడిచిందనుకున్నాం. కొన్ని వారాలకు ఆమె మాటలు రాలిపోసాగాయి. మొదట నన్ను అమ్మ పేరుతో పిలిచింది; ఆ తర్వాత చెంచాను చూపించి ఇదేటని అడిగింది. మూసిన గదిలో బొగ్గులు వదిలే విషవాయువు కొందరిని ఇలా ఆలస్యంగా, వెనకనుంచి వచ్చి పట్టుకుంటుందని డాక్టరు చెప్పాడు. సాయంత్రమైతే ఖాళీ తొట్టె ముందు నిలబడి, "పైకి రావేటి?" అని ఎదురుచూసేది. నాన్న క్షేమంగా తిరిగొచ్చిన రోజు, ఈ బాబు ఎవరని అడిగింది.

ఇప్పుడు ఆ క్వార్టర్లు లేవు. పై అంతస్తువాళ్లు ఎక్కడున్నారో తెలియదు. అమ్మమ్మ వెళ్లిపోయి చాలా కాలమైంది. అమ్మ నా దగ్గరే ఉంటుంది. ఊరంతా పొగ కమ్మే రోజుల్లో కిటికీలన్నీ మూసి, గాలి శుభ్రం చేసే యంత్రం పెడతాం. "నానీ, ఖిడ్కీ మత్ ఖోలో, బాహర్ ధువా హై" అని, బయట పొగ ఉంది కిటికీ తెరవొద్దని నా కూతురు తన అమ్మమ్మను బతిమాలుతుంది. అమ్మ కిటికీ జానెడు తెరిచి, అరచేతికి గాలి తగిలేదాకా అక్కడే నిలబడుతుంది.