సూర్యారావు సరిదిద్దిన డోంగా

సూర్యారావు ముప్పయ్యారేళ్ళు భిలాయి ఉక్కు కర్మాగారంలో పనిచేశాడు గానీ, ఒక్కరోజు కూడా ఇనుము పని చెయ్యలేదు. ఆయనది ప్యాటర్న్ షాపు. ఏ ఇనుప భాగం పోతపోయాలన్నా ముందు దాని ఆకారం కర్రతో చెక్కాలి. ఆ కర్ర బొమ్మను ఇసుకలో అదిమి, ఏర్పడిన గుంటలో కరిగిన లోహం పోస్తారు. అలాంటి బొమ్మలు చెక్కడంలో ఆయన దిట్ట. పెళ్ళిళ్ళలో ఎవరైనా "ఓహో, ప్లాంటులో వడ్రంగమా?" అంటే ఆయనకు భోజనం సయించేది కాదు. "వడ్రంగి కుర్చీ చేస్తాడండీ. నేను అర మిల్లీమీటరు చేస్తాను" అనేవాడు.

రిటైరై భిలాయిలోనే రిసాలి పేటలో ఇంట్లో కుదురుకున్నాక ఆ అర మిల్లీమీటరు భార్య గున్నమ్మ పీకకు చుట్టుకుంది. మొదటి నెల తలుపులన్నీ చిత్రిక పట్టాడు. రెండో నెల చపాతీల పీట సరైన గుండ్రం కాదని చెక్కి చెక్కి, చివరికి అది పూరీకి మాత్రమే సరిపోయేలా చేశాడు. మూడో నెల దేవుడి అరమీద రసమట్టం పెట్టి, స్వామి ఇన్నేళ్ళుగా ఎడమవైపు ఒరిగి ఉన్నాడని తేల్చాడు. నాలుగో నెలలో ఒకరోజు పొద్దున్నే ఆయన దోసె మీద స్కేలు పెట్టేసరికి గున్నమ్మ అట్లకాడ కింద పెట్టేసింది.

"ఏటండీ, అలా శివనాథ్ నది దాకా ఎళ్ళి తాజా చేపలు తెండి. దూరమైనా పరవాలేదు. ఆలస్యమైనా పరవాలేదు" అంది.

ఆయన స్కూటరు మీద దుర్గ్ దాటి నది ఒడ్డుకు పోయాడు. సుఖ్‌బతి అనే ఆవిడ తన గుడిసె ముందు చేపలు అమ్ముతోంది. ఆవిడ తూకం వేసేలోగా సూర్యారావు చూపు గుడిసె వెనక్కి పోయింది. అక్కడ నాలుగు రాళ్ళ మీద, అడుగు పుచ్చిన ఒక పాత కర్ర పడవ బోర్లించి ఉంది. దాని కింద మూడు మేకలు నీడపట్టున నెమరు వేస్తున్నాయి. ఆయన చేపల సంగతి మరిచి పడవ దగ్గర కూర్చుని పలకల అతుకులు తడమడం మొదలుపెట్టాడు. ఒక్క మేకు తల కూడా పైకి లేదు. పలకకీ పలకకీ మధ్య గోరు దూరదు.

"మేకలు కొంటావా?" అన్నారెవరో ఛత్తీస్‌గఢీలో. మంచం మీద ఎనభైకి దగ్గరపడిన ముసలాయన. సుఖ్‌బతి మామగారు, బిసాహు కేవట్.

సూర్యారావుది ముప్పయ్యారేళ్ళయినా శ్రీకాకుళం యాస వదలని హిందీ. బిసాహుది పళ్ళు లేని ఛత్తీస్‌గఢీ. అయినా మాట కర్ర గురించి కాబట్టి ఇద్దరికీ ఇబ్బంది లేకపోయింది. దీన్ని డోంగా అంటారు. బిసాహు తాత రోజుల్లో ఒకే తెల్లమద్ది మాను తొలిచి చేసేవారు. అడవిలో మాను కొట్టడం కుదరకుండా పోయాక, వాళ్ళ నాన్న అదే ఆకారాన్ని పలకలతో కట్టడం నేర్చుకున్నాడు. ఒకప్పుడు ఈ రేవులో నలభై డోంగాలుండేవి. తర్వాత రేకు పడవలొచ్చాయి. వారంలో తయారవుతాయి, ఎవరైనా చేస్తారు.

"రేకు పడవ ఎండకి పెనం, వానకి డప్పు" అన్నాడు బిసాహు. "ఆ చప్పుడికి చేపలు పక్క జిల్లాకి పోతాయి. పైగా ఇద్దరు మనుషులు కావాలి. ఒకరు తెడ్డెయ్యాలి, ఒకరు వలెయ్యాలి. డోంగాలో ఒక్కడు చాలు."

సుఖ్‌బతి మొగుడు లారీ నడుపుతాడు, నెలకోసారి వస్తాడు. అందుకని ఆమె రోజూ తెడ్డు పట్టేందుకు ఎవరో ఒకరిని బతిమాలుకోవాల్సి వస్తోంది.

"మరి నువ్వే ఇంకొకటి చెయ్యొచ్చు కదా కాకా?"

బిసాహు రెండు చేతులూ పైకెత్తి చూపించాడు. అవి గాలికి ఆకుల్లా వణుకుతున్నాయి. "తల చెబుతుంది బాబూ, ఇవి వినవు" అన్నాడు.

సూర్యారావు తన చేతులు చూసుకున్నాడు. చపాతీ పీట మీద ప్రతాపం చూపిస్తున్న చేతులు. చేపలు అక్కడే మరిచిపోయి ఇంటికొచ్చాడు.

బొబ్బిలిలో ఉన్న అక్కగారికి ఫోను చేశాడు. "అక్కా, నానొక డోంగా సేస్తన్నాను."

"ఏటిరా? పింఛను తీసుకునే వయసులో దొంగతనాలేటిరా?"

"దొంగ కాదక్కా, డోంగా. పడవ."

"పడవ దొంగిలించావా!" ఆవిడ ఫోను పెట్టేసి వెంటనే గున్నమ్మకు చేసింది. గున్నమ్మ అంతా విని, "పోన్లెండి వదినా, ఇంట్లో ఉండరు కదా" అంది.

కర్ర సంగతి రమాకాంత్ చూసుకున్నాడు. ఆయన చరోదా రైల్వే యార్డులో పనిచేసి రిటైరైన స్నేహితుడు. పట్టాల కింద ఒకప్పుడు వేసిన సాల్ కర్ర స్లీపర్లు వేలంలో దొరుకుతాయని ఆయనే కనిపెట్టాడు. వాటిని కోయించి, మేకుల బెజ్జాలున్న ముక్కలు తీసేసి, మంచి పలకలు ఏరి నది ఒడ్డుకు చేర్చారు. "ఈ పడవ చరోదాలో ఆగకుండా వెళ్ళదు, చూడండి" అన్నాడు రమాకాంత్.

సూర్యారావు మేకల్ని బయటికి తోలి, పాత డోంగాని వారం రోజులు కొలిచాడు. కాగితం మీద దాని నక్షా గీశాడు. గీస్తుండగా ఒక విషయం తేలింది. పడవ ఎడమ పొట్ట కుడి పొట్ట కంటే రెండు వేళ్ళు ఎక్కువగా ఉబ్బి ఉంది. మళ్ళీ కొలిచాడు. అంతే. పాపం, టేపు లేని కాలం, కంటి అంచనాతో చేసినవాళ్ళు, పొరపాటు పడ్డారు అనుకున్నాడు. ముసలాయన మనసు నొప్పించడం ఎందుకని ఆ మాట బయటపెట్టలేదు. నక్షాలో మాత్రం రెండు వైపులూ సమానం చేసేశాడు.

"ఉన్నది ఉన్నట్టే చెయ్యి బాబూ" అన్నాడు బిసాహు మంచం మీంచి.

"అలాగే కాకా" అన్నాడు సూర్యారావు, ఆ నక్షాని మడిచి జేబులో పెట్టుకుంటూ.

నాలుగు నెలలు పట్టింది. పలకల్ని నిప్పు సెగకి వంచడం, అతుకుల్లో దూది కూరి గుగ్గిలం, నూనె కలిపిన ముద్ద పట్టించడం, అన్నీ బిసాహు చెప్పగా సూర్యారావు చేశాడు. బాడిస పట్టుకుంటే ఆయనకు ఆకలి తెలిసేది కాదు. అప్పుడప్పుడు బిసాహు కర్రసాయంతో లేచి వచ్చి, పడవ ఎడమ పొట్ట మీద అరచెయ్యి ఆనించి, ఏమీ అనకుండా వెళ్ళి మళ్ళీ పడుకునేవాడు. సూర్యారావు దాన్ని మెచ్చుకోలుగా తీసుకున్నాడు.

కార్తీకమాసంలో ఒక ఆదివారం పొద్దున్న డోంగాని నీళ్ళలోకి దింపారు. రేవంతా జనం. రమాకాంత్ ఫోనుతో వీడియో తీస్తున్నాడు. గున్నమ్మ పట్టుచీర కట్టుకుని వచ్చింది. దంపతులు ఎక్కితేనే శోభ అని అందరూ అనడంతో ఇద్దరూ ఎక్కారు. సూర్యారావుకు ఈత రాదు. ఆ సంగతి ఆయనకు ఒడ్డు నుంచి పది గజాలు పోయాక గుర్తొచ్చింది.

బిసాహు నేర్పినట్టే వెనక నిలబడి కుడివైపు ఒక్క తెడ్డు వేశాడు. డోంగా చక్కగా కదిలింది. రెండోది వేశాడు. డోంగా ఎడమవైపు తిరిగింది. మూడోది వేశాడు. డోంగా ఇంకా తిరిగి, ముక్కు ఒడ్డువైపు పెట్టింది. పట్టుదలతో ఇంకో నాలుగు వేశాడు. అది పూర్తిగా ఒక చుట్టు చుట్టి, మొదట బయల్దేరిన వైపే చూస్తూ నిలబడింది. రేవు మొత్తం చప్పట్లు కొట్టింది. ఇది కూడా తంతులో భాగమే అనుకున్నారు. మూడో చుట్టుకు అనుమానం వచ్చింది.

"సూర్యారావ్‌గారూ! రిటర్న్ టికెట్టా?" అని అరిచాడు రమాకాంత్.

సూర్యారావు తెడ్డు పడేసి పడవ అంచులు రెండు చేతులా పట్టుకుని కూర్చుండిపోయాడు. "గున్నా, కదలకే! కదిలితే ములిగిపోతాం!"

గున్నమ్మ కదిలింది. పట్టుచీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని, తేలుతున్న తెడ్డు అందుకుని, ఆయన్ని దాటి వెనక్కి పోయి నిలబడింది. "మీరు అలా కూకోండి. ఏటీ ముట్టుకోకండి" అంది. కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి చొప్పున తెడ్డేస్తూ, పొంగిన చారు దింపినంత తేలిగ్గా పడవని ఒడ్డుకు తెచ్చింది.

"నీకు తెడ్డెయ్యడం వచ్చా?" అన్నాడాయన, నేల తగిలాక.

"నాగావళి ఒడ్డున పుట్టినదాన్ని. మా అయ్య బల్లకట్టు నడిపేవోడు కదా."

"నాకెప్పుడూ సెప్పలేదేటే?"

"మీరెప్పుడడిగారు? పెళ్ళయిన కాడ్నించీ మీ ప్యాటర్న్ షాపు సంగతులే సెబుతున్నారు. మజ్జలో సోటేదీ?"

బిసాహు మంచం మీద పడి దగ్గొచ్చేలా నవ్వుతున్నాడు. సూర్యారావు పడవ దిగేటప్పుడు తడిసిన పంచెతోనే వెళ్ళి ఎదురుగా నిలబడ్డాడు. "కాకా, ఇలా తిరుగుతుందని నీకు ముందే తెలుసా?"

"తెలుసు. ఎడమ పొట్ట కోసేశావుగా."

"అది పొరపాటు కదా?"

"మనిషి కుడిచేత్తో తెడ్డేస్తాడు, ఎడమచేత్తో వల పట్టుకుంటాడు. ఒక్క పక్కే తెడ్డేస్తే ఏ పడవైనా ఎడమకి తిరుగుతుంది. ఆ పొట్ట దాన్ని తిరగనివ్వదు. అందుకే డోంగాకి ఒక్కడు చాలు."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"మొదటిరోజే చెప్పాను, ఉన్నది ఉన్నట్టు చెయ్యమని. నీ జేబులో కాగితముంది. కాగితమున్న మనిషితో నేనేం మాట్లాడను?"

సూర్యారావు మూడు రోజులు ఇల్లు కదల్లేదు. రసమట్టం బయటికి తియ్యలేదు. దోసె ఏ ఆకారంలో వేసినా మాట్లాడకుండా తిన్నాడు. గున్నమ్మకే భయమేసింది.

"పోత పోసినాక ఇనుము సల్లారి కుంచించుకుపోద్దనీ, అందుకని బొమ్మని కావాలనే కాస్త పెద్దది సేస్తామనీ మీరే కదా సెప్పేవోరు?" అంది, కాఫీ ఇస్తూ. "తెలీనోడు కొలిస్తే అదీ తప్పే అంటాడు కదా."

ఆయన గ్లాసు అందుకున్నాడు. కాఫీ సగం తాగి స్కూటరు తీశాడు.

ఈసారి టేపు తీసుకెళ్ళలేదు. బిసాహు ఆయన చెయ్యి పట్టుకుని, పాత డోంగా ఎడమ పొట్ట మీద ముక్కు నుంచి తోక దాకా నడిపించాడు. వణికే చెయ్యి కింద వణకని చెయ్యి. "కళ్ళు మూసుకో" అన్నాడు. సూర్యారావు మూసుకున్నాడు. మేకలు వింతగా చూశాయి. అలా పది రోజులు తడిమాక ఎడమవైపు పలకలన్నీ విప్పి, కొత్తగా వంచి బిగించాడు.

దాన్ని సుఖ్‌బతి మొదటిసారి ఒంటరిగా తీసుకెళ్ళింది. కుడిచేత్తో తెడ్డు, ఎడమ భుజాన వల. డోంగా గీత గీసినట్టు నది మధ్యకు పోయింది. చప్పుడు లేదు. ఆమె తెడ్డు చంకలో ఇరికించుకుని వల విసిరింది. ఒడ్డున సూర్యారావు చటుక్కున మొహం తిప్పేసుకున్నాడు. రమాకాంత్‌తో స్లీపర్ల గురించి ఏదో పోట్లాట పెట్టుకున్నాడు.

ఆ తర్వాత రేవులో ఇంకో నలుగురు తమకూ కావాలన్నారు. రెండేళ్ళలో ఐదు డోంగాలు దిగాయి. ఎడమ పొట్ట మీద బిసాహు అరచెయ్యి ఆనించి సరేననే దాకా ఏదీ నీళ్ళు తాకదు. రెండిటిని ఆయన విప్పించేశాడు కూడా. సూర్యారావు కిక్కురుమనకుండా విప్పాడు.

గున్నమ్మ ఇప్పుడు ఆదివారాలు సుఖ్‌బతితో కలిసి డోంగాలో వెళ్తుంది. సూర్యారావు కూడా వస్తానంటాడు. ఈత వచ్చిన తర్వాతే అని ఆమె ఖండితంగా చెప్పేసింది. అందుకని ఆయన అరవై మూడో ఏట టౌన్‌షిప్ ఈత కొలనులో చేరాడు. పెద్దవాళ్ళ బ్యాచ్ లేదంటే పిల్లల బ్యాచ్‌లోనే చేరాడు. ప్రస్తుతం అంచు పట్టుకుని కాళ్ళు కొట్టే దశలో ఉన్నాడు. ఎడమ కాలు సరిగా పడటం లేదని కోచ్ రోజూ అరుస్తుంటాడు.