తగిన చక్రాలు

పోయిన వారం మా అల్లుడు కారుకి టైర్లు మార్పించడానికి బెజవాడ బందరు రోడ్డులో బెంజ్ సర్కిల్ వైపు వెళుతూ నన్నూ వెంట తీసుకెళ్ళాడు. నేను కాఫీ చల్లార్చుకుని తాగేలోపు నాలుగు టైర్లూ మారిపోయాయి. ఏ రోడ్ల మీద తిరుగుతారు, ఎంత బరువు వేస్తారు అని అడిగిన మనిషి లేడు, అన్నీ ముందే ఫోనులో ఖాయమైపోయాయట. నాకు మాత్రం ఆ కుర్చీలో కుదురుగా కూర్చోబుద్ధి కాలేదు. అదే బందరు రోడ్డు మీద, ఆ చోటు ఇంకా ఊరి చివర అనిపించుకునే డెబ్బైల్లో, నేను టైర్ల షాపులో పనిచేశాను, ఒక్క జత చక్రాలు ఎంచడానికి రెండేళ్ళు తీసుకున్నాను. ఎందుకు తీసుకున్నానో ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. మన ఈడు వాళ్ళు చదువుతారు గనక, పైగా నన్ను తిట్టాల్సిన ఇద్దరూ ఇప్పుడు లేరు గనక, చెబుతున్నాను.

మా అక్కని కంకిపాడు దగ్గర ఒక పల్లెలో ఇచ్చారు. బావ రైసు మిల్లులో ఇంజను మేస్త్రీ, దగ్గుతున్న ఇంజను పక్కన చెవి పెట్టి రోగం ఎక్కడుందో చెప్పగలిగినవాడు. ఒక్కచోట కూర్చోవడం మాత్రం ఆయన జాతకంలో లేదు, ఆదివారం చర్చిలో ప్రసంగం పూర్తయ్యేలోగా పాటల పుస్తకం అట్ట లోపల నాలుగు బొమ్మలు గీసేసేవాడు. అలాంటి మనిషికి బెజవాడలో పాత పుస్తకాల కొట్లో ఒక విదేశీ పత్రిక దొరికింది, అందులో ఒక్క మనిషి కూర్చునే చిన్న విమానం ఇంట్లోనే కట్టుకోవడానికి కొలతలన్నీ ఉన్నాయి. డిక్షనరీ పక్కన పెట్టుకుని ఒక్కో మాటా కూడబలుక్కుంటూ మొదలుపెట్టాడు. కర్రపని తనే చేశాడు, పాత కారు ఇంజను ఒకటి సంపాదించాడు, రెక్కల మీదకి గుడ్డ పక్కవీధి నేతగాళ్ళ చేత చిక్కగా నేయించాడు. ఆ గుడ్డని చూసి మా అమ్మ, నాలుగు దుప్పట్లకి సరిపోయేదాన్ని గాలికి కప్పుతున్నాడని బాధపడింది. ఎగరడానికి సర్కారు అనుమతి కావాలి, అది వచ్చేదాకా నేల మీద పరుగెత్తించి చూస్తానంతేనని అక్కకి మాటిచ్చాడు.

ఆ పత్రికలో మేకు మందంతో సహా అన్నీ రాశారు గానీ, చక్రాల దగ్గరకొచ్చేసరికి మాత్రం "తగిన చక్రాలు అమర్చుకొనవలెను" అన్న అర్థం వచ్చే ఒక్క వాక్యంతో సరిపెట్టారు. ఏవి తగినవో చెప్పలేదు. నేను టైర్ల మధ్యే బతుకుతున్నాను గనక ఆ పని నాకు అప్పజెప్పాడు. నాకప్పుడు ఇరవై రెండేళ్ళు, బావ అంత నమ్మకంగా ఒక పని చెప్పడంతో నేల మీద కాలు నిలవలేదు. ఆ సాయంత్రమే అక్క నన్ను పెరట్లోకి పిలిచింది. ఇద్దరు ఆడపిల్లలు, రెండోది ఇంకా పాలు తాగుతోంది.

"మీ బావ ఈ సంగతి నిన్ను తప్ప ఇంకెవర్నీ అడగడు. నువ్వు దొరకలేదంటే దొరకనట్టేరా," అంది.

ఆ రోజు నుంచి నా పని చక్రాలు వెతకడం కాదు, ప్రతి చక్రానికీ ఒక వంక వెతకడం అయిపోయింది. సైకిలు చక్రాలంటే, పక్కనుంచి ఒక్క తోపు పడితే పుల్లలు విరిగి అప్పడంలా వంకర పోతాయన్నాను. స్కూటరు చక్రాలంటే, స్కూటరు మలుపులో తానే వంగుతుంది కాబట్టి దాని చక్రానికి పక్కబరువు మోసే అలవాటు లేదు, విమానం దిగేటప్పుడు గాలికి అడ్డంగా జరిగితే దాని రేకు రిమ్ము మడత పడుతుందన్నాను. ఇందులో ఏదీ అబద్ధం కాదు, అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. నిజాలు ఏరుకుని మరీ మోసం చేస్తున్నానని తెలుస్తూనే ఉండేది. షాపులో పంపు కొడుతున్నా, ట్యూబుకి ప్యాచీ వేస్తున్నా, బందరు వైపు నుంచి బస్సు వచ్చిందంటే బావ దిగుతాడేమోనని తల తిప్పి చూసేవాణ్ణి.

ఒకసారి ఎవరో లారీ డ్రైవరు, హనుమాన్ జంక్షన్లో విమానం టైర్లు అమ్ముతున్నారని బావకి చెప్పాడు. ఎడ్లబండ్లకి కర్రచక్రాలు పోయి టైర్లు వస్తున్న రోజులవి. అసలు విమానాలకి వాడి పారేసిన టైర్లని ఎక్కడెక్కడి నుంచో తెచ్చి బండ్లకి వేసేవారు, దాంతో ఆ వ్యాపారంలో బండి టైరుకి విమానం టైరనే పేరు స్థిరపడిపోయింది. నాకు ఆ సంగతి తెలుసు, బావకి తెలియదు. చెప్పలేదు, ఒక రోజు గడుస్తుంది కదా అనుకున్నాను. ఆయన మిల్లుకి సెలవు పెట్టి, ఉతికిన చొక్కా వేసుకుని వెళ్ళి, విమానానికి టైర్లు కావాలని అడిగితే, కొట్టాయన ఎంతో మర్యాదగా, "ఎడ్లు ఒంగోలువాండీ, నాటువాండీ?" అని అడిగాడట. బావ దాన్ని మిల్లులో అందరికీ చెప్పి నవ్వించాడు గానీ, ఆ తర్వాత వారం రోజులు నా షాపు వైపు రాలేదు.

రెండు వేసవులు అలా పోయాయి. విమానం మిల్లు వెనక పాకలో రెండు బల్లల మీద కూర్చుని ఉండేది. బావ దాని చుట్టూ తిరిగేవాడు, అన్నం మధ్యలో లేచి వెళ్ళి ఏదో బోల్టు బిగించి వచ్చేవాడు, పిల్ల పలకరిస్తే ఆఁ అనేవాడు గానీ వినేవాడు కాదు. చివరికి ఒకనాడు మధ్యాహ్నం అక్క చిన్నదాన్ని చంకనెత్తుకుని బస్సెక్కి నా షాపుకే వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"ఆయన ఎగిరితే ఏమవుతాడో అని భయపడ్డాను. ఇంట్లో ఉండి కూడా లేకుండా పోతున్నాడురా. ఇచ్చెయ్," అంది.

ఏవి ఇవ్వాలో నాకు తెలుసు, మొదటి నెల నుంచీ తెలుసు. ఊళ్ళోకి అప్పుడప్పుడే ఆటోలు వస్తున్నాయి, వాటి చక్రాలు రోజూ నా చేతుల మీదుగా పోయేవి. చిన్నవి, తేలికవి, టైరు కాస్త లావు. అన్నిటికీ మించి, ఆటో మూడు కాళ్ళ మీద నిలబడేది గనక మలుపులో వంగదు, ఆ పక్కతోపంతా దాని చక్రమే భరిస్తుంది. అయినా ఆ వారం నాకు నిద్ర లేదు. ఇన్నాళ్ళూ వద్దనడానికి చూసిన ప్రతి లోపాన్నీ ఇప్పుడు ఒక మనిషి ప్రాణం కోసం చూశాను, రిమ్ములు నాలుగు జతలు తిరగేశాను, బేరింగులు కొత్తవి వేయించాను, ఆటో వంగదన్న సంగతి చెప్పి బావ చేతికిచ్చాను.

కాలువ పక్కన పశువులు మేసే బీడులో పరుగెత్తించాడు. అక్క పిల్లలిద్దరినీ పట్టుకుని గట్టు మీద నిలబడింది. మూడోసారి పరుగులో చక్రాలు నేల వదిలాయి. మూరెడు ఎత్తు, అంతకన్నా ఉండదు. గాలికి పక్కకి జరిగి అడ్డంగా దిగింది, నేను కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి చక్రాలు రెండూ నిటారుగా ఉన్నాయి. అక్క ఏడుస్తూ ఏడుస్తూనే నవ్వింది.

బావ దిగి వచ్చి చక్రం పక్కన గొంతుక్కూర్చుని, బురద తుడుస్తూ, నా వైపు చూడకుండా అడిగాడు.

"ఆటో వంగదన్న సంగతి నీకు ఎప్పుడు తెలిసిందోయ్?"

మొన్ననే బావా అన్నాను. ఆయన తలూపి, రెండో చక్రం తుడవడానికి లేచాడు. అనుమతి రాలేదు, విమానం మళ్ళీ నేల వదల్లేదు, కొన్నాళ్ళకి ఆ ఇంజను ఎవరి పొలంలోనో నీళ్ళు తోడడానికి పోయింది. బావ మాత్రం ఆ తర్వాత అన్నం మధ్యలో లేవలేదు.

ఈ మధ్య నన్ను తొలిచేది ఇంకో మాట. ఇంజను దగ్గు విని రోగం చెప్పే మనిషికి, ఆటో వంగదని నేను చెబితేగానీ తెలియలేదా? బెజవాడ నిండా టైర్ల కొట్లే, ఏ కొట్టుకి వెళ్ళినా అరగంటలో పని అయ్యేది. నన్నే ఎందుకు అడిగాడు, నా వంకలన్నీ ఎందుకు విన్నాడు? నా వెనక ఉన్నది అక్క అని మొదటే గ్రహించి, ఆవిడ సరేననేదాకా ఆగాడని ఇప్పుడు అనిపిస్తుంది. ఇవాళ కావలసింది ఫోనులో నొక్కితే గుమ్మంలోకి వస్తోంది, ఒకళ్ళ మాట కోసం ఇంకొకళ్ళు కాచుకునే పనే లేదు, మంచిదే. కానీ తినీ తినకా, కూర్చోలేని ఆ మనిషి మా అక్క కోసం రెండేళ్ళు కూర్చున్నాడు. నేను ఆయన్ని మోసం చేస్తున్నాననే అనుకున్నాను.