అవ్వ సమ్మెట ఎత్తిన సోమవారం

నా చిన్నప్పుడు, మృగశిర కార్తెలో మొదటి సోమవారం, పొద్దున తొమ్మిది గంటలకు, మా అవ్వ కమ్మరి కొలిమి దగ్గర సమ్మెట ఎత్తి నా వజ్రాన్ని పొడి చేసింది. తొమ్మిది అని అంత గట్టిగా ఎట్లా చెప్తున్నానంటే, సరిగ్గా అప్పుడే రోడ్డు మీద గుంతకల్లు బస్సు హారన్ కొట్టింది. మా పల్లెకు గడియారం ఆ బస్సే. హారన్ మోత, సమ్మెట దెబ్బ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ఇన్నేళ్ళయినా ఎక్కడైనా గట్టిగా హారన్ మోగితే నా భుజాలు నాకు చెప్పకుండానే పైకి ఎగురుతాయి.

నాకప్పుడు తొమ్మిదేళ్ళు ఉంటాయేమో. అక్షరం ముక్క రాదు. అక్షరాలు నాకు నలభై దాటాక రాత్రి బడిలో వచ్చాయి, అందుకే ఈ మాట కాగితం మీద పెట్టడానికి ఇంత కాలం పట్టింది. వజ్రం అన్నాను గానీ, అది వజ్రమో కాదో ఈ రోజుకీ నాకు తెలియదు. తెలుసుకునే దారి కూడా లేదు. ఆ సంగతే చెప్తాను.

మాది వజ్రకరూరు పక్కన చిన్న పల్లె. తొలకరి వాన పడితే వేరే ఊళ్ళలో మడకలు, అంటే నాగళ్ళు, బయటికి వస్తాయి. మా వైపు మనుషులు బయటికి వచ్చి నేల మీదికి వంగుతారు. వాన నీళ్ళు ఎర్రమట్టిని కడిగితే లోపలి రాళ్ళు పైకి తేలతాయి. అందులో ఎప్పుడో ఒకసారి, ఎవరికో ఒకరికి, వజ్రం దొరుకుతుంది. ఎక్కడెక్కడి నుంచో సద్దిమూటలు కట్టుకుని వచ్చి రోజుల తరబడి చేలల్లో వంగి నడుస్తారు. దొరికినవాడి కథ చుట్టూ పల్లెల్లో ఏళ్ళ తరబడి తిరుగుతుంది. దొరకనివాళ్ళ కథ ఎవరూ చెప్పరు.

మా నాయన మంచి సేద్యగాడు. ఆయన్ను చెడగొట్టింది ఒక మాట. పక్క ఊళ్ళో వజ్రం దొరికిన ఒకాయన, కొత్త పంచె కట్టుకుని మా అరుగు మీద కూర్చుని, తన కిటుకు చెప్పిపోయాడు. “రాయిని మనం ఎతుక్కునేది కాదప్పా. రాయే మనల్ని ఎతుక్కోని రావల్ల. లేస్తే రాయి, పండుకుంటే రాయి. మనసులోకి ఇంగొకటి సొరబడితే అది ఎనక్కి పోతాది.” మా నాయన ఆ మాటను మంత్రంలా పట్టుకున్నాడు. ఆ తర్వాత ఆయన మాటలు తగ్గిపోయాయి. అన్నం తింటూ తింటూ మధ్యలో ఆగి చూస్తూ ఉండేవాడు. పిలిస్తే రెండోసారికి గానీ పలికేవాడు కాదు.

ఆ ఏడు తొలకరి బాగా కురిసింది. మాకున్న ఒక్క చేనులో శెనక్కాయ విత్తాలి. దానికోసం ఎండాకాలమంతా మధ్యాహ్నాలు అమ్మా, అవ్వా, నేనూ కూర్చుని కాయలు ఒలిచి విత్తనం సిద్ధం చేశాం. నా బొటనవేళ్ళు పగిలి నెత్తురు వచ్చేది. ఒలిచిన విత్తనం దాచుకుంటే నిలవదు, పురుగు పడుతుంది, మరుసటి ఏడుకు మొలవదు. కాబట్టి ఆ వాన పదను, అంటే తడి, మట్టిలో ఉండగానే గొర్రుతో సాళ్ళు తీసి విత్తనం వేసేయాలి. పదను ఆరిపోతే ఆ ఏడు తిండి లేదు, వచ్చే ఏటికి విత్తనమూ లేదు, ఇంక చేను అమ్ముకోవడమే. ఇది మా ఇంట్లో పాలు తాగే తమ్ముడికి తప్ప అందరికీ తెలుసు.

మా నాయన మాత్రం గొర్రు ముట్టనన్నాడు. “గొర్రు తోలితే పైకి తేలిన రాళ్ళు మళ్ళా మట్టిలోకి పోతాయి. తోలేది లేదు” అన్నాడు. ఊరంతా విత్తుతుంటే మా చేను ఖాళీగా పడి ఉంది. అమ్మ ఏడ్చింది. అవ్వ, అంటే నాయన తల్లి, ఏడవలేదు. పొద్దున్నే చేనుకు పోయి గుప్పెడు మట్టి తీసి పిడికిట్లో పిసికి చూసేది. ముద్ద నిలిస్తే పదను ఉన్నట్టు. చూసి తిరిగి వచ్చేది.

ఆ సోమవారం నాయన నన్ను వెంట తీసుకుపోయాడు. చిన్నపిల్లల కళ్ళకు మెరుపు తొందరగా అందుతుందని ఆయన నమ్మకం. ఎండ ఇంకా ముదరలేదు. వాన నీళ్ళు కోసిన చిన్న పాయలో, తంగేడు చెట్టు మొదట్లో, కందిగింజ కంటే కొంచెం పెద్ద రాయి ఒకటి నన్ను చూసింది. నేను దాన్ని చూశానని చెప్పలేను, అదే నన్ను చూసినట్టుంది. పైన మురికిగా ఉంది గానీ లోపల ఏదో దీపం పెట్టినట్టు వెలుగు కదులుతోంది. నాయనకు కనపడేలా చెయ్యి పైకెత్తాను.

నాయన దాన్ని పంచెతో తుడిచి ఎండకు పట్టి చూశాడు. రాయి జారిపోతుందని భయపడ్డాడేమో, నోట్లో వేసుకుని పళ్ళు బిగించాడు. ఊరివైపు పరుగులాంటి నడక. వెనకాల నేను.

ఊరి మొదట్లోనే కమ్మరి మామ కొలిమి. ఆడ మా అవ్వ కూర్చుని ఉంది. నాయన మాట కాదని, మా గొర్రుకు బిగించే ఇనుప కర్రులను తానే మోసుకొచ్చి సాగగొట్టిస్తోంది. తమ్ముణ్ణి చంకలో వేసుకుని అమ్మ పక్కనే నిలబడి ఉంది. మా పక్క చేను దూదేకుల మామ కూడా తన కర్రు కోసం కాచుకుని ఉన్నాడు. నాయన మూతి బిగించుకుని పోవడం చూసి ఆయన ఊరుకుంటాడా? “ఏమప్పా, ఊరంతా ఇత్తనం ఏస్తాంటే నువ్వు నోట్లో ఏమి దాసిపెట్టుకోని పోతాండావ్? బెల్లం గడ్డనా?” అన్నాడు. నాయన ఆగి, అరచేతిలోకి ఉమ్మి, చెయ్యి చాపాడు.

తిత్తి ఊదుతున్న కమ్మరి మామ చెయ్యి ఆగిపోయింది. నాయనకు కట్ట తెగినట్టు మాటలు వచ్చాయి. “ఒగటి దొరికిందంటే ఆ నేల్లో ఇంగా ఉండాయి. ఎద్దులు అమ్మేస్తా. ఆ దుడ్లతో మామా, నీ చేను గుత్తకు తీసుకుంటా. ఈ ఏడు మడక లేదు, గొర్రు లేదు. అంతా ఎతికేదే!” ఎద్దులు అన్న మాట వినగానే అమ్మ ఉన్నచోటే కూలబడింది. నేను మాత్రం అప్పటికే మనసులో గాజులు వేసుకున్నాను, కాళ్ళకు చెప్పులు కూడా కొనుక్కున్నాను.

అవ్వ అరుస్తుందనుకున్నాను. అరవలేదు. “ఇట్ల ఇయ్ రా, సూస్తా” అని రాయి తీసుకుని చాలాసేపు చూసింది. “బాగుండాది. ఎద్దులు అమ్మేముందర నిజమైందో కాదో సూసుకోవల్ల గదా. నిజమైన వజ్రం సమ్మెటకు పగలదంటారు. ఏమంటావు?”

మా వైపు ఆ మాట అందరూ నమ్మేవాళ్ళు. నాయనా నమ్మాడు. నవ్వుతూనే అన్నాడు, “పగలదు. కొట్టిచ్చు.” కమ్మరి మామ రెండడుగులు వెనక్కి వేసి, “నా చేత్తో కాదు తల్లీ, రేపు ఏమన్నా అయితే నా పేరు చెప్తారు” అన్నాడు. అవ్వ లేచింది. ఇనుము పెట్టి కొట్టే దాగలి దిమ్మె మీద రాయి పెట్టింది. ఎర్రగా కాలిన ఇనుమును సాగగొట్టే ఆ పెద్ద సమ్మెటను, ఎముకల గూడులాంటి ఆ ముసలామె, తల పైదాకా ఎత్తింది. ఎట్లా ఎత్తిందో నాకు అర్థం కాదు. బస్సు హారన్ కొట్టింది. దెబ్బ పడింది.

సమ్మెట తీస్తే దాగలి మీద ఇంత తెల్లని పొడి. అంతే.

నాయన దాగలి మీద చూశాడు, కింద చూశాడు, అవ్వ చేతుల్లో చూశాడు. రాయి ఎక్కడికో పోయి దాక్కుని ఉన్నట్టు, వెతికితే దొరుకుతుందన్నట్టు. ఆయన నోరు తెరుచుకునే ఉంది. దూదేకుల మామ ఎందుకో తల మీది తువ్వాలు తీసేశాడు. నా నోట్లో ఉప్పగా తగిలింది, నాలుక కొరుక్కున్నానని అప్పటిదాకా తెలియలేదు. అవ్వ చీర కొంగుతో పొడిని దగ్గరికి ఊడ్చి, ఉఫ్ మని ఊదేసింది. “పలుగురాయి. ఎండకు మెరిసింది, అంతే. పదను ఇంగా ఉండాది రా. పో, గొర్రు కట్టు.”

నాయన ఆమెను కొడతాడని భయపడ్డాను. ఆయన చాలాసేపు నేల మీద కూర్చున్నాడు. తర్వాత లేచి, సాగగొట్టిన కర్రులు భుజాన వేసుకుని, ఎవరి ముఖమూ చూడకుండా ఎద్దుల దగ్గరికి పోయాడు. ఆ రోజే విత్తడం మొదలైంది. నాయన గొర్రు తోలుతుంటే వెనకాల సాళ్ళలో అమ్మా, నేనూ విత్తనం వేశాం. నా కళ్ళ నీళ్ళు కూడా ఆ సాళ్ళలోనే పడ్డాయి. రాయి దొరికింది నాకు. కొట్టే ముందు ఒక్కరైనా నన్ను అడగలేదు.

ఆ ఏడు పంట మరీ గొప్పగా కాలేదు. తిండికీ విత్తనానికీ సరిపోయింది. నాయన మళ్ళీ రాళ్ళకు వంగలేదు. అయితే ఆయన మొండితనం ఎక్కడికీ పోలేదు. లేస్తే చేను, పండుకుంటే చేను. నేలను చూసి చూసి అలవాటైన కళ్ళు కదా, మరుసటి ఎండాకాలం ఊరంతా బూడిదలా ఉన్నప్పుడు, మా చేను మూలలో జానెడు గడ్డి ఎండకుండా పచ్చగా ఉండటం ఆ కళ్ళకే కనపడింది. ఆడ తవ్వడం మొదలుపెట్టాడు. జనం నవ్వారు. తవ్వుతూనే పోయాడు, నీళ్ళు పడ్డాయి. ఆ బావి కింద ఉల్లి, మిరప వేశాం. కొన్నేళ్ళకు ఇంకో చెక్క నేల కొన్నాం. మా ఇంట్లోకి దుడ్లు వచ్చిన దారి అది.

నాకు పెళ్ళయి రాయదుర్గం వైపు పోయాను. ఒకసారి బస్సులో నా ముందు సీట్లో వజ్రాలు కొనే సేటు దగ్గర పనిచేసే మనిషి ఒకాయన కూర్చున్నాడు. మాది వజ్రకరూరు పక్క అని తెలిసి మాట కలిపాడు. నేను నవ్వుతాలకు మా అవ్వ సంగతి చెప్పాను. ఆయన నవ్వలేదు. “ఎంత పని చేసిరమ్మా!” అన్నాడు. “వజ్రాన్ని ఏ రాయీ గీయలేదు గానీ, సమ్మెటతో కొడితే పిండి అయిపోతాది. పలుగురాయీ పగుల్తాది, వజ్రమూ పగుల్తాది. దెబ్బతో ఏమి తెలుస్తాది?”

నేను పోవలసిన ఊరికి పోలేదు. మధ్యలో దిగిపోయి, ఎదురుగా వచ్చిన బస్సు ఎక్కి పుట్టింటికి వచ్చాను. అవ్వకు అప్పటికి చూపు తగ్గింది. వాకిట్లో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. నాయన బావి దగ్గర ఉన్నాడు. నిలబడే అడిగేశాను, సమ్మెటకు వజ్రం కూడా పగులుతుందంట కదా అని.

ఆమె చెయ్యి ఆగలేదు. “నాకు తెల్దనుకుంటివామ్మే?” అంది.

నేను కూర్చున్నాను. అప్పుడు చెప్పింది. నేను పుట్టకముందే పోయిన మా తాతకు, నాయన పాలు తాగే వయసులో, ఒక చిన్న వజ్రం దొరికిందట. కొన్న సేటే సమ్మెట సంగతి చెప్పి, ఎవరైనా కొట్టి చూద్దామంటే ఒప్పుకోవద్దన్నాడట. ఆ దుడ్లు రెండేళ్ళలోపే అయిపోయాయట. తాత మాత్రం బతికినన్నాళ్ళూ ఇంకోదాని కోసం వంగే ఉన్నాడట. ఒక్కొక్క చేనూ పోయింది. చివరికి నడుము ఎత్తలేక, నేల చూస్తూనే పోయాడట. “దొరకనోడు ఒక నాటికి ఇసిగి ఇంటికొస్తాడు. దొరికినోడు రాడే” అంది అవ్వ. “ఆ పొద్దు అది వజ్రమో పలుగురాయో నాకు ఇప్పటికీ తెల్దు. నీ నాయన మాత్రం నాకు తెల్సు.”

బావి దగ్గర్నుంచి నాయన వచ్చాడు. ఎందుకొచ్చినావమ్మా చెప్పా పెట్టకుండా అని సంతోషంగా అడిగాడు. చూసిపోదామని వచ్చానన్నాను. ఆయనకు చివరిదాకా చెప్పలేదు. చెప్పి ఉంటే ఆ పచ్చని మిరపతోటలో నిలబడి కూడా ఆయన మళ్ళీ నేలకు వంగేవాడు.

ఇప్పుడు నా మనవరాలు పొద్దున్నే అద్దం ముందు నిలబడి, డబ్బు నా దగ్గరికి వస్తోంది, వస్తోంది అని చెప్పుకుంటోంది. ఫోన్లో ఎవరో నేర్పారట. దానికి నేను నవ్వను. మనసు పట్టినదాన్ని మనిషి లాక్కొస్తాడు, నేను కళ్ళారా చూశాను. ఆ పట్టులో మిగతాదంతా కనపడకుండా పోవడం కూడా చూశాను. ఎండిపోతున్న పదను, ఆకలిగొన్న ఎద్దులు, కూలబడిన భార్య, ఏవీ మా నాయనకు ఆ రోజు కనపడలేదు. అదే మనసు చేను మీదికి తిరిగితే, ఎవరికీ కనపడని జానెడు గడ్డి ఆయనకు కనపడింది. మనసుకు బలం ఉంది. తెలివి ఉందో లేదో నాకు తెలియదు. అవ్వ చేసింది న్యాయమేనా అంటే కూడా చెప్పలేను. ఆమె అంత తెగించిందని తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

నేను మాత్రం ఒకటి పట్టుకున్నాను. ఏదన్నా కావాలని మనసు మరీ గట్టిగా పట్టుపడితే, ఆ రోజు పనులు ఆపి, ఇంట్లోవాళ్ళ ముఖాలు ఒక్కొక్కటిగా చూస్తాను. ఎవరి ముఖమైనా ఈ మధ్య నేను చూడలేదనిపిస్తే, ఆ కోరికను పక్కన పెడతాను.

ఆ సోమవారం కొలిమి దగ్గర ఉన్న ముఖాలు ఇవి: మా అవ్వ, మా నాయన, మా అమ్మ, కమ్మరి మామ, దూదేకుల మామ, అమ్మ చంకలో నిద్రపోతున్న తమ్ముడు, నేను.