భార్యను దాచిన నన్ను దేవుడు విడిపించాడు

సహోదరులారా, ముందుగా మీతో ఆడిన అబద్ధం ఒప్పుకోవాలి. నా భార్య సునీత ఏదని మీరడిగినప్పుడల్లా పోచంపల్లి పుట్టింటికి పోయిందన్నాను. పోలేదు. ఎల్‌బీ నగర్‌లో మా కిరాయి ఇంట్లో ఆమెను ఉంచి, బయట తాళం వేసి వచ్చి, మీ మధ్య కూర్చుని పాటలు పాడాను! ఆమె చెప్పమంటేనే ఇవాళ చెబుతున్నాను.

చెవిలో ఎవరో మాట్లాడుతున్నారని, నీళ్లలో విషం కలిపారని ఆమె తల్లడిల్లిపోతే నెలకు పైగా మానసిక దవాఖానలో ఉంచాం, దేవుని దయవల్ల తేరుకుని ఇంటికొచ్చింది, గండం గడిచిందనుకున్నాను గానీ అసలు కష్టం అప్పుడే మొదలైంది. మందులు మానొద్దు, ఒంటరిగా వదలొద్దు, చిన్న పనులు చేయనివ్వండి అని డాక్టరమ్మ చెప్పింది. నేను మందుల మాట ఒక్కటే విన్నాను. తనకేమైనా చేసుకుంటుందేమోనన్న భయంతో కత్తిపీట అటక మీద దాచి, తాళం వేసి, దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల దుకాణానికి పనికి పోయేవాణ్ణి.

"నేనేమన్న దొంగనా? ఎందుకు లోపలేసి పోతున్నవ్?" అని ఒకరోజు అడిగింది. ఆ రోజూ తాళం వేసే పోయాను.

ఒక మధ్యాహ్నం మన సంఘంలోని రూతమ్మగారు నా మాట నమ్మబుద్ధి కాక మా ఇంటికి వచ్చి, తాళాన్నీ కిటికీలో సునీతనూ చూసి నాకు ఫోన్ చేశారు. సిగ్గుతో పరుగెత్తుకొచ్చాను. రూతమ్మగారు తిట్టలేదు.

"తాళం తియ్యి నాయనా, అమ్మాయితో కాసేపు కూర్చుంటా" అన్నారు. లోపలికొచ్చి సంచిలోంచి బెండకాయలు తీసి, "కత్తిపీట ఏదమ్మాయ్? ఇద్దరం కూర వండుదాం" అన్నారు.

సునీత నా వైపు చూసింది. 'ప్రభువా, నా భయం నుంచి నన్ను విడిపించు' అని లోలోపల మొరపెట్టుకుంటూ కత్తిపీట దించాను. మందుల వల్ల సునీత చేతులు కాస్త వణికాయి, అయినా ఒక్కొక్క కాయే తరిగి, "ఉప్పు నేనేస్త, ఆయనకు జర తక్కువుండాలె" అంది. ఎన్నాళ్లకు నా గురించి మాట్లాడింది! గోడవైపు తిరిగి ఏడ్చేశాను.

ఆ తర్వాత రూతమ్మగారూ, ఆవిడ నమ్మి చెప్పిన ఇద్దరు ముగ్గురు అక్కలూ వంతులేసుకుని పగలంతా తోడున్నారు. మధ్యలో ఒకసారి ఆమెకు నిద్ర తప్పి పాత అనుమానాలు తలెత్తాయి, ఈసారి దాచకుండా ఆ అక్కలకు చెప్పి, ప్రార్థించి, మర్నాడే డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాం, తేరుకుంది. ఇప్పుడు చీరలకు ఫాల్స్ కుడుతోంది. రోజూ మాత్ర వేసుకుంటోంది, రోజూ ప్రభువును స్తుతిస్తోంది. మాత్ర వేసుకోవడం అవిశ్వాసం కాదు సహోదరులారా, ఆ డాక్టరమ్మనూ దేవుడే ఇచ్చాడు. ఆయనకే మహిమ!

మీలో ఎవరి ఇంట్లోనైనా ఇలాంటి బాధ ఉంటే, ప్రభువును నమ్మి ఇవాళ ఒక్కరికైనా చెప్పండి. నాకు చెప్పినా సరే. సునీతా నేనూ కలిసి మీ ఇంటికి వస్తాం.