హిమాయత్ సాగర్ బాతులేం తక్కువ?

నిన్న నా బిడ్డ ఫోన్ల ఒక వీడియో చూపెట్టింది. ఏదో దేశంల సముద్రం ఒడ్డున జనం నిలబడి, వలస పోతున్న బూడిదరంగు తిమింగలాలను చూస్తున్నరు. "మనకు గిట్లాంటివి లేవు గద అమ్మా," అన్నది. నాకు మండింది.

ఎందుకు లేవు? శంషాబాద్ దోస్తులూ, మీరే చెప్పుండ్రి. చలికాలం పొద్దుగాల హిమాయత్ సాగర్ కట్ట మీద మనం కూసోలేదా? మా అవ్వ ముందుగాల మన కాళ్ల పట్టీలు ఇప్పించి కొంగున ముడేసుకునేది. సప్పుడైతే చుట్టాలు దిగరనేది. చుట్టాలంటే మంచుకొండలు దాటొచ్చే బాతులు. పొగవాసన కొట్టే ఒక్క గొంగడి కింద నలుగురం ఊపిరి బిగబట్టి కూసునేటోళ్లం.

ఇయ్యాల పొద్దుగాల బిడ్డను తోల్కపోయిన. నీళ్లకు పోయే తొవ్వల ఎవరో గోడ కట్టి గేటు పెట్టిండ్రు. వాచ్‌మన్ అడ్డమొచ్చిండు.

"ఇది ప్రైవేట్ జాగ అక్కా, ఎవరూ రావద్దు."

"వాటికి గూడ చెప్పినవా అన్నా?" అని పైకి చూపెట్టిన. బాతులు బారుగ గోడ దాటి నీళ్ల మీదికి దిగుతున్నయి.

నేను ఆ గేటు ముందట్నే కూసోని, పట్టీలు ఇప్పి కొంగున కట్టిన. నా బిడ్డ గూడ ఇప్పింది.

"జర సప్పుడు చెయ్యకు అన్నా," అన్న. "మా చుట్టాలొచ్చిండ్రు."

రేపు గూడ పోతున్న. గొంగడి నేను తెస్త. పట్టీలు ఇప్పేటోళ్లు రాండ్రి.