హుస్సేన్‌బీ కట్టిన ఆకు

రాయదుర్గంలో మా ఎదురింటి హుస్సేన్‌బీకి రెండు పనులు. జీన్స్ ప్యాంట్లు ఇంటికి తెచ్చుకుని వేలాడే దారాలు కత్తిరించడం ఒకటి, నాలుగు మేకల్ని సాకడం ఒకటి. తనకల్లు నుంచి కోడలిగా వచ్చిన కొత్తలోనే, తల్లి దగ్గరికి రానీయని మేకపిల్లను ఒళ్లో పెట్టుకుని సీసాతో పాలు తాపుతుంటే చూశాను. పాతికేళ్లయింది. ఆ ఒడి ఖాళీగా ఉన్న ఏడాది లేదు.

పోయిన వేసవిలో గొర్రెల కాపరి ఒకాయన జింకపిల్లను తెచ్చి ఆమెకిచ్చాడు. తల్లిని కుక్కలు చంపాయట. హుస్సేన్‌బీ దానికి మున్నీ అని పేరు పెట్టి మేకల్లో కలిపి పెంచింది. పాలు మరిపించి ఆకు అలవాటు చేసింది. నాలుగు నెలలకు అటవీశాఖ వాళ్లొచ్చి, జింకను ఇంట్లో పెంచడం నేరమని చెప్పి, కేసు లేకుండా దాన్ని మాత్రం జింకల పార్కుకు తీసుకుపోయారు. ఆమె గొడవపడలేదు. జీపు దాకా నడిచి, వాళ్లతో వచ్చిన పార్కు కాపలాదారు వెంకటేశులుకు తన ఫోన్ నంబరు ఇచ్చింది.

మూడో రోజు పొద్దున్నే అతను ఫోన్ చేశాడు. మున్నీ మేత ముట్టడం లేదు. ఇంకో రోజు ఇట్లాగే ఉంటే బతకడం కష్టమని డాక్టరు అన్నాడట.

హుస్సేన్‌బీ రొట్టెలు డబ్బాలో పెట్టుకుని, తినకుండానే బయల్దేరింది. నేనూ చెప్పులేసుకున్నాను.

"నీకేం పని నాగలక్ష్మక్కా ఆడ?"

"ముళ్లపందిని చూడల్లని ఎప్పట్నుంచో ఉండాది మే."

పార్కు చిన్నదే. తాబేళ్లు, నెమళ్లు, తీగ కంచె వెనక ఇరవై దాకా జింకలు. మున్నీని పక్కన చిన్న దొడ్లో ఉంచారు. డొక్కలు తేలి మూల నిలబడి ఉంది. పేరు పెట్టి పిలవగానే పరుగెత్తుకొచ్చి ఆమె కొంగులో మూతి పెట్టింది. చేత్తో ఆకు పెడితే తినింది. నాకు ప్రాణం కుదుటపడింది గానీ వెంకటేశులు తల అడ్డంగా ఊపాడు.

"నువ్వు తినిపిస్తే తింటాదిలేమ్మా. దినామూ వస్తావా?"

ఆమె తొట్టి దగ్గరికి పోయి చూసింది. తొట్టి నిండా అవిశాకు పచ్చగా ఉంది. "మా ఇంట్లో వేసేదీ ఇదే ఆకప్పా," అంది.

నేను ఊరుకోలేక ఆకు ఎప్పుడు కోస్తారు, తొట్టి ఎవరు కడుగుతారు అని అడుగుతూ పోయాను.

"ఏమవ్వా, మా ఆఫీసరు గూడా ఇన్ని అడగల్యా," అన్నాడు వెంకటేశులు.

తొట్టిలోకి వంగి చూస్తుంటే ఇంకో ప్రశ్న వచ్చింది. "మే హుస్సేన్‌బీ, మీ ఇంట్లో తొట్టి యాడుండాది? నేనెప్పుడూ చూడల్యా."

"తొట్టెందుకక్కా? దూలానికి కట్టి యాలాడేస్తా గదా. తలకు తగుల్తాందని నువ్వే తిడతాంటివి." అని, ఆమే ఆగిపోయింది.

కింద పడిన ఆకును మేకలు ముట్టవని మా వైపు కట్ట కట్టి వేలాడదీస్తారు. మేకల్లో పెరిగిన మున్నీకి మేతంటే పైనుంచి వేలాడేదే. తొట్టిలోది దానికి చెత్త.

వెంకటేశులు తాడు వెతికేలోపే ఆమె తన జీన్స్ గుడ్డ సంచి పిడి పెరికి, ఆకు కట్ట కట్టి, కంచె గుంజకు మూతి ఎత్తున వేలాడదీసింది. "ఈడుంటే నన్నే చూస్తాంటాది. పాండి," అని మమ్మల్ని తాబేళ్ల గోడ వెనక్కి తీసుకుపోయింది.

చాలాసేపు మున్నీ మేం పోయిన వైపే చూసింది. తర్వాత కట్టను వాసన చూసి ఒక ఆకు లాగింది. కట్ట ఊగి దాని మొహానికి కొట్టింది. అది వెనక్కి గెంతి, మళ్లీ వచ్చి లాగింది. ఇక ఆగలేదు.

"తింటాంది," అన్నాడు వెంకటేశులు మెల్లగా.

హుస్సేన్‌బీ అక్కడే దుమ్ములో కూర్చుని డబ్బా తెరిచింది. "ఆకలైతాందక్కా." జొన్నరొట్టె తుంచి మాకూ పెట్టింది. "దినానికి బెత్తెడు కిందికి దించప్పా," అని అతనికి చెప్పింది. "తొట్టి దాకా దిగితే, ఇంగ దాంట్లోనే తింటాది."

మళ్లీ మున్నీ దగ్గరికి పోలేదు. ముళ్లపంది నిద్రలో ఉండి నాకు వీపు మాత్రమే చూపించింది. బస్సులో హుస్సేన్‌బీ పిడి లేని సంచిని ఒళ్లో పెట్టుకుని, ఊరొచ్చేదాకా నిద్రపోయింది.